ఇటలీలో బడులు మూసే నెల: ఇక్కడ ఉంటున్న నల్గొండ, పాలమూరు తల్లులు మే నుంచే చేసుకోవాల్సిన పనులు

తెలంగాణలో కొన్నేళ్లుగా బడులు తెరిచేది జూన్ 12న. ఇటలీలో బడులు మూసేదీ దాదాపు ఆ వారంలోనే, మళ్లీ తెరిచేది సెప్టెంబరు మధ్యలో. నల్గొండ నుంచి అత్తమ్మ ఫోన్ చేసి "పిల్లలు బడికి పోతున్రా?" అని అడిగే రోజుల్లోనే ఇక్కడ ఇద్దరు పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తుంటారు. మన దగ్గర సెలవులంటే అమ్మమ్మ ఊరికి పంపేస్తే సరి. ఇక్కడ ఆ అమ్మమ్మ చేసే పనిని దరఖాస్తు ఫారాలతో చేయించుకోవాలి, అదీ మే నెల దాటకముందే.

ముందు మీ ప్రాంతం తేదీలు చూసుకోండి. బడి క్యాలెండరును ఒక్కో రెజోనె (మన రాష్ట్రం లాంటిది) సొంతంగా వేసుకుంటుంది. ప్రైమరీ, మీడియా (11 నుంచి 14 ఏళ్ల పిల్లలవి) బడులు ఎక్కువ చోట్ల జూన్ మొదటి పది రోజుల్లో ముగుస్తాయి, బోల్జానో వైపు ఇంకో వారం పడుతుంది. 3 నుంచి 6 ఏళ్ల పిల్లల బడి మాత్రం జూన్ 30 దాకా నడుస్తుంది. ఇంట్లో ఇద్దరుంటే ఒకరు ఖాళీ, ఒకరు బడి, ఇట్లా మూడు వారాలు సాగుతుంది. చివరి రోజుల్లో కొన్ని బడులు మెన్సా ఆపేసి, అన్నం పెట్టకుండానే మధ్యాహ్నానికి పిల్లల్ని పంపేస్తాయి. తలుపు మీద అతికించిన కాగితం చదవకపోతే ఆ రోజు ఆఫీసు మీటింగులో ఉండగా ఫోన్ వస్తుంది. జూన్ 2 దేశమంతా సెలవు. ఫ్లోరెన్స్, టురిన్, జెనోవాల్లో జూన్ 24, రోమ్‌లో జూన్ 29 ఆ ఊళ్ల పండుగలు.

చెంత్రో ఎస్తీవోలో (వేసవి శిబిరంలో) చేర్పించడం

వేసవి శిబిరాలు మూడు రకాలుగా దొరుకుతాయి: కొమూనె (ఊరి మున్సిపాలిటీ) నడిపేవి, చర్చి ఆవరణలో ఒరతోరియో (చర్చి వాళ్ల పిల్లల కేంద్రం) వాళ్లు నడిపేవి, ఈత కొలనులు, ఆటల క్లబ్బులు నడిపేవి. ఖర్చు సాధారణంగా ఒరతోరియోలోనే తక్కువ. వేరే మతం పిల్లల్నీ చేర్చుకుంటారు. పొద్దున ఒక ప్రార్థన, పాట ఉంటాయి, అది ఇబ్బంది కాకపోతే పిల్లలకు ఇటాలియన్ మాట తిరిగేది అక్కడే. క్లబ్బుల వాటికి ధర ఎక్కువ, కానీ ఆలస్యంగా అడిగినా చోటు దొరుకుతుంది. కొమూనెవి చాలా ఊళ్లలో ఏప్రిల్, మే నెలల్లోనే నిండిపోతాయి.

చేర్పించేది వారాల లెక్కన. మొత్తం జూన్, జులై ఒకేసారి రాసేయకండి. కట్టిన వారానికి పిల్లాడు జ్వరంతో పోకపోయినా డబ్బు వెనక్కి రావడం కష్టం. మొదటి రెండు వారాలు రాయించి, పిల్లాడు అలవాటు పడ్డాక మిగతావి అడగొచ్చు, ఒక్క కొమూనె శిబిరం తప్ప. అక్కడ ఆగితే చోటు పోతుంది.

పిల్లాడి కోడిచె ఫిస్కాలె (పన్ను గుర్తింపు నంబరు), మీ ఐడీ, ఎలర్జీ ఉంటే డాక్టరు కాగితం, ఫొటోలు తీయడానికి అనుమతి పత్రం అడుగుతారు. వీటన్నిటికంటే మనవాళ్లు ఎక్కువగా మరిచేది దెలెగా. తల్లిదండ్రులు కాక ఇంకెవరు పిల్లాడిని తీసుకెళ్లొచ్చో వాళ్ల పేర్లు, ఐడీ కాపీలతో ముందే రాసివ్వాలి. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మను పిల్లాడు "అమ్మమ్మా!" అని ఉరికొచ్చి పట్టుకున్నా, దెలెగా లేకపోతే అప్పగించరు. ఆమె పాస్‌పోర్టు కాపీ జత చేసి మొదటి రోజే ఇచ్చేయండి.

బడిలో ఇచ్చిన భోజనం ఫారం శిబిరానికి పనికిరాదు, మళ్లీ ఇవ్వాలి. మత కారణాలతో గొడ్డు మాంసం, పంది మాంసం వద్దంటే మీ సంతకం చాలు, ఎలర్జీకైతే డాక్టరు సర్టిఫికెట్ కావాలి. "మాంసం వద్దు" అని మాత్రమే రాస్తే సరిపోదు. రగూ అనే మాంసం సాస్‌లో గొడ్డు, పంది రెండూ కలిపి ఉండొచ్చు, తోర్తెల్లీని అనే కూరిన పాస్తాలో పంది మాంసం ఉంటుంది, రిజొత్తో అనే అన్నాన్ని మాంసం నీళ్లతో వండొచ్చు, పియాదీనా అనే రొట్టె పిండిలో స్త్రుత్తో అనే పంది కొవ్వు కలుపుతారు. పూర్తి శాకాహారులైతే ఇంకొకటి: పర్మిజానో రెజానోను దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తోనే చేస్తారు. అవన్నీ పేరు పేరునా రాసిస్తే వంటవాళ్లకూ తేలిక.

సంచిలో టోపీ, పేరు రాసిన నీళ్ల సీసా, ఒక జత బట్టలు, సన్ క్రీమ్ పెట్టండి. ఈత ఉన్న రోజు తలకు కుఫ్ఫియా (ఈత టోపీ), కాళ్లకు రబ్బరు చెప్పులు. కుఫ్ఫియా లేకపోతే చాలా కొలనుల్లో దిగనివ్వరు, పిల్లాడు గట్టు మీద కూర్చుని ఏడుస్తాడు.

జూన్ 30 లోపు ఈజె

కొమూనె శిబిరం ఫీజు, సెప్టెంబరులో మెన్సా ఫీజు, పిల్లల భత్యం అస్సెన్యో ఉనికో, అన్నీ ఈజె అనే కుటుంబ ఆదాయ లెక్క మీదే ఆధారపడతాయి. పన్ను, భత్యాల కాగితాలు చేసిపెట్టే కాఫ్ ఆఫీసులో ఉచితంగా చేస్తారు. ఇంట్లో అందరి కోడిచె ఫిస్కాలె, అద్దె ఒప్పందం, రెండేళ్ల కిందటి ఆదాయం కాగితాలు, ఆ సంవత్సరం డిసెంబరు 31 నాటి బ్యాంకు నిల్వ, ఏడాది సగటు నిల్వ తీసుకుపోవాలి. మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో మీ పేరున ఉన్న ఇల్లు, ప్లాటు, బ్యాంకు డబ్బు కూడా చెప్పాలి. అది ఇక్కడివాళ్లకు తెలియదులే అనుకోవద్దు.

అస్సెన్యో ఉనికో తీసుకుంటున్నవాళ్లు కొత్త ఏడాది ఈజె ఇవ్వకపోతే మార్చి నుంచి కనీస మొత్తమే పడుతుంది. జూన్ 30 లోపు ఇస్తే మార్చి నుంచి రావాల్సిన తేడా అంతా కలిపి ఇస్తారు. జులైలో ఇస్తే పోయిన నెలలది పోయినట్టే. జూన్ చివర్లో కాఫ్‌లో అపాయింట్‌మెంట్ దొరకదు కాబట్టి మే 20 లోపే ఫోన్ చేయండి.

ఇల్లు చల్లగా, ఫ్యూజు పోకుండా

పాలమూరు ఎండ చూసినవాళ్లకు 34 డిగ్రీలంటే నవ్వొస్తుంది. కానీ పో నది మైదానంలో, మిలాన్ నుంచి బొలోన్యా దాకా, ఉక్కపోత ఎక్కువ, గాలి కదలదు. ఇళ్లకు సీలింగ్ ఫ్యాన్లు ఉండవు. మనకు అలవాటైన పని, మధ్యాహ్నం గాలి కోసం కిటికీలన్నీ తెరవడం, ఇక్కడ ఇంటిని పొయ్యి చేస్తుంది. పొద్దున 9 లోపే కిటికీలు మూసి, ఎండ పడే వైపు తప్పరెల్లా (కిటికీ బయటి షట్టరు) కిందికి దించండి. రాత్రి బయట చల్లబడ్డాకే రెండు వైపులా తెరవాలి. ఆరోగ్య మంత్రిత్వ శాఖ 27 నగరాలకు వేడి హెచ్చరికలు ఇస్తుంది, 0 నుంచి 3 దాకా స్థాయిలు. 3 పడిన రోజు చంటిపిల్లల్ని, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లను 11 నుంచి 6 దాకా బయటికి తీసుకుపోకండి.

చాలా ఇళ్లకు కరెంటు కాంట్రాక్టు 3 కిలోవాట్లే. రెండు ఇండక్షన్ పొయ్యిలు, ఏసీ, వాషింగ్ మెషిన్ కలిస్తే దాటిపోతుంది, కరెంటు ఠక్కున పోతుంది. కొన్ని అపార్ట్‌మెంట్లలో మీటరు కింద సెల్లారులో ఉంటుంది. చంకలో బిడ్డ, పొయ్యి మీద పప్పు, చేతిలో తాళంచెవులు పట్టుకుని మెట్లు దిగాల్సి వస్తుంది. మీటరు మీట పైకెత్తే ముందు వాషింగ్ మెషిన్ ఆపకపోతే మళ్లీ పడిపోతుంది. వంట పొద్దునే ముగించి, బట్టలు రాత్రికో ఆదివారానికో పెట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది, కాంట్రాక్టును బట్టి కరెంటు ధర కూడా ఆ వేళల్లో తగ్గొచ్చు. చట్నీ మిక్సీ మాత్రం రాత్రికి పెట్టుకోవద్దు, మధ్యాహ్నం 2 నుంచి 4 కూడా వద్దు. చాలా భవనాల నియమాల్లో అది నిశ్శబ్ద వేళ.

డబ్బాలోకి తపాలచెక్క, ఇంట్లోకి జొన్నరొట్టె

శిబిరం వాళ్లు వారానికొకసారి షికారు పెడతారు, ఆ రోజు భోజనం ఇంటి నుంచే. ఇక్కడి తల్లులు పనీనో (శాండ్‌విచ్) పంపుతారు. మనకు తపాలచెక్కను మించింది లేదు, చల్లారినా బాగుంటుంది.

రెండు కప్పుల బియ్యప్పిండికి గంట నానిన శనగపప్పు రెండు చెంచాలు, నువ్వులు రెండు చెంచాలు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ ఒకటి, కారం, ఉప్పు, కరివేపాకు. పల్లీలు వేయకండి. మన పిల్లాడికి ఏమీ కాకపోయినా పక్క పిల్లాడికి ఎలర్జీ ఉండొచ్చు, కొన్ని శిబిరాలు పల్లీల డబ్బా లోపలికి రానివ్వవు. సూపర్ మార్కెట్ బియ్యప్పిండి తడిబియ్యం పట్టించింది కాదు, పొడిగా ఉంటుంది. గోరువెచ్చని నీళ్లతో కలిపి పావుగంట మూతపెడితేనే విరగదు. చల్లని పెనంలో నూనె రాసి, పిండిని వేళ్లతో పలుచగా ఒత్తి, అయిదారు చిల్లులు పెట్టి, చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నని మంట మీద పది నిమిషాలు. రెండోది ఒత్తాలంటే పెనం చల్లారాలి, వేడి పెనం మీద పిండి అంటుకుని ముద్దవుతుంది. ఊళ్లో గిన్నెను నల్లా కింద పెట్టేస్తాం, ఇక్కడి పెనాన్ని అట్లా పెడితే అడుగు వంకరవుతుంది, ఇండక్షన్ మీద ఇక ఆనదు. రెండు పెనాలు మార్చి మార్చి వాడండి.

జొన్నపిండి దొరకదని చాలామంది ఊరి నుంచి మోసుకొస్తారు. అక్కర్లేదు, "ఫరీనా ది సోర్గో" అని బయో దుకాణాల్లో, గ్లూటెన్ లేని సరుకుల అరలో ఉంటుంది. ఒక కప్పు నీళ్లు ఉప్పేసి తెర్లనిచ్చి, ఒక కప్పు పిండి పోసి, మంట ఆపి, అయిదు నిమిషాలు మూతపెట్టాలి. చేయి పట్టగలిగినంత వేడి ఉండగానే గట్టిగా పిసకాలి. జొన్నలో సాగే జిగురు ఉండదు, మరిగే నీళ్లకు ఉడికిన పిండే దాన్ని పట్టి ఉంచుతుంది. అంచులు పగిలాయంటే నీళ్లు వేడి చాలలేదు, లేదా పిండి పాతది. తెరిచిన ప్యాకెట్టును ఫ్రిజ్‌లో పెట్టండి, వేడికి బయట ఉంటే చేదెక్కుతుంది. ఇండక్షన్‌కు ఇనుప పెనం కొనుక్కోండి, నాన్‌స్టిక్ మీద రొట్టె ఎండుతుంది కానీ కాలదు. అదే పిండితో అంబలి కాచి, పెరుగు చిలికిన సల్ల కలిపి ఫ్రిజ్‌లో పెడితే శిబిరం నుంచి వచ్చిన పిల్లలకు నాలుగు గంటల వేళ పనికొస్తుంది.

పొద్దు గూకని సాయంత్రాలు, జ్వరాలు, దోమలు

జూన్ చివర్లో నల్గొండలో 7 లోపే పొద్దు గూకుతుంది, మిలాన్‌లో 9 దాటాక గూకుతుంది. "చీకటి పడ్డది, పడుకో" అంటే పిల్లలు వినరు. 8:30కే తప్పరెల్లా పూర్తిగా దించి గదిని చీకటి చేయాలి. పార్కుకు 6 తర్వాత పోండి, తాగే నీళ్లు కొనక్కర్లేదు. రోమ్‌లో నజోని, టురిన్‌లో తొరెత్ కుళాయిల నీళ్లు తాగొచ్చు, "నోన్ పొతాబిలె" (తాగరాదు) అని రాసి ఉంటే తప్ప. బాల్కనీ కుండీల కింది పళ్లేల్లో నీళ్లు పారబోయండి, ఇక్కడి చారల దోమ పగలే కుడుతుంది.

జ్వరం మందుతో ఒక జాగ్రత్త. ఇక్కడి తకీపిరీనా సిరప్ 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉంటుంది. ఊరి నుంచి తెచ్చిన సీసాల్లో 250 ఉన్నవీ ఉంటాయి. ఈ చెంచా లెక్క ఆ సీసాకు వాడితే మోతాదు రెండింతలవుతుంది. సీసా మీది అంకె చూడండి, పిల్లాడి బరువుకు ఎంతో పీడియాత్రాను (పిల్లల డాక్టరును) అడిగి ఫ్రిజ్ మీద రాసిపెట్టుకోండి. డాక్టరు లేని రాత్రులు, శని ఆదివారాలు గ్వార్దియా మెదికా (డ్యూటీ డాక్టరు సేవ) ఉంటుంది, ప్రాణం మీదికొస్తే 112.

కారులో నాలుగేళ్లలోపు పిల్లలకు, సీటులో మరిచిపోతే మోగే పరికరం 2019 నవంబరు నుంచి తప్పనిసరి. స్నేహితుల కారైనా ఇదే చట్టం.

ఊరికి పోయేటట్లయితే

పెర్మెస్సో (ఇటలీలో ఉండే అనుమతి కార్డు) రెన్యువల్‌కు ఇచ్చి పోస్టాఫీసు రసీదు మాత్రమే చేతిలో ఉంటే, ఇటలీ నుంచి నేరుగా షెంగెన్ (సరిహద్దు తనిఖీ లేకుండా తిరిగే ఐరోపా దేశాల) బయటికి పోయి నేరుగానే తిరిగి రావాలి. ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా పోయే టికెట్టు కొంటే చిక్కు. దోహా, దుబాయ్, అబుదాబి మీదుగా హైదరాబాద్‌కు తీసుకోండి. పాత కార్డు, రసీదు, పాస్‌పోర్టు మూడూ చేతి సంచిలో ఉండాలి. పిల్లల కార్డు తేదీ విడిగా చూడండి, పెద్దవాళ్లది చేయించి పిల్లలది మరిచేవాళ్లే ఎక్కువ. మీడియా బడి పిల్లలను మేలోనే తీసుకుపోవద్దు, మొత్తం గంటల్లో నాలుగింట మూడు వంతుల హాజరు లేకపోతే ఏడాది చెల్లదు.

పిల్లలు ఊళ్లో దిగేసరికి బావలు, మరదళ్లు బడికి పోతుంటారు. దసరా, సంక్రాంతి సెలవులు కూడా ఇక్కడి సెలవులతో కలవవు. కాబట్టి ఆదివారాలు లెక్కపెట్టి చుట్టాలిళ్లు పంచుకోండి, లేదా ఆగస్టు దాకా ఆగండి, 15వ తేదీ రెండు దేశాల్లోనూ సెలవే. మిరుగం నాటి చేపల పులుసు జూన్ మొదటి వారంలో పోతేనే దక్కుతుంది, బేనిషాన్ మామిడిపండ్లు కూడా అప్పటికి చివరికొస్తాయి.

తిరుగు ప్రయాణంలో పెట్టె సర్దే ముందు: కోడి పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, కోవా, పాలతో చేసిన మిఠాయిలు ఐరోపాలోకి తేకూడదు. తాజా మామిడికాయలు, పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా తేకూడదు. మామిడి తొక్కు, కారప్పొడి, ఎండబెట్టిన కరివేపాకు తెచ్చుకోవచ్చు. తొక్కును మేలోనే పెట్టించి నెలన్నర ఊరనిస్తే ముక్క నూనె పీల్చుకుంటుంది, పైన తేలే నూనె తక్కువై డబ్బా కారదు. డబ్బా మూతకు టేపు చుట్టి, రెండు కవర్లలో వేసి, బట్టల మధ్య నిలువుగా పెట్టండి.