ఎన్నికల సభలకు సొంతంగా వెళ్లి రాసేవాళ్లు ఏ పాస్ ఎక్కడ అడగాలి

ఎన్నికల సీజన్ మొదలైందంటే నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "నేను ఏ పార్టీ మనిషినీ కాదు, ఏ చానల్లోనూ ఉద్యోగం లేదు, సభలకి పోయి చూసి రాసుకుంటాను, పర్మిషన్ ఎక్కడ తీసుకోవాలి?" అని. సభకైతే ఎక్కడా తీసుకోనక్కర్లేదు. పోలింగ్ కేంద్రం లోపలికి, కౌంటింగ్ కేంద్రానికి మాత్రం కాగితం కావాలి. ఈ రెండింటినీ కలిపేసుకుని చాలామంది ఊరికే టెన్షన్ పడతారు.

ముందు సభల సంగతి. బహిరంగ సభకో ర్యాలీకో అనుమతి కోరాల్సింది అది పెట్టేవాళ్లు. ఎన్నికల సంఘం సువిధ పోర్టల్‌లో కనీసం 48 గంటల ముందు వాళ్లు దరఖాస్తు పెట్టుకుంటారు, చూడ్డానికి వచ్చే జనంతో దానికి సంబంధం లేదు. బారికేడ్ల లోపల మీడియా గ్యాలరీలో కూర్చోవాలనుకుంటే ఆ పాస్ పార్టీ వాళ్లిస్తారు, నియోజకవర్గంలో పార్టీ మీడియా పనులు చూసే మనిషిని పట్టుకోవాలి. ప్రధాని సభ అయితే ఆయన భద్రత చూసే ఎస్పీజీ ఉంటుంది కాబట్టి ముందే పేరిచ్చి పాస్ తీసుకోకపోతే గ్యాలరీ దరిదాపులకి కూడా పోనివ్వరు.

నన్నడిగితే ఆ గ్యాలరీ మీద ఆశ పెట్టుకోవద్దు. అక్కణ్నుంచి స్టేజీ తప్ప ఏమీ కనపడదు. సభకి రెండు గంటల ముందే వెళ్లి బస్సులు ఆపే చోట నిలబడండి. ఒక్కో బస్సు ముందు అద్దానికి ఒక కాగితం అంటించి ఉంటుంది, దాని మీద ఊరి పేరు, బస్సు నంబరు, దాన్ని తీసుకొచ్చినాయన ఫోన్ నంబరు. వరసగా చదువుకుంటూ పోతే ఏ మండలం నుంచి ఎన్ని బస్సులొచ్చాయో ఎవర్నీ అడగకుండానే తెలిసిపోతుంది. నాయకుడు మైకు పట్టుకున్న పావుగంటకే వెనక వరసల్లోంచి ఆడవాళ్లు మజ్జిగ ప్యాకెట్లు చేతిలో పట్టుకుని బస్సుల వైపు నడవడం మొదలుపెట్టారా లేదా అన్నది గ్యాలరీలో వాళ్లకి తెలియదు, మీకు తెలుస్తుంది. ఎవరైనా అభిమానంగా మెడలో కండువా వేయబోతే మాత్రం నవ్వుతూనే వద్దనండి, ఆ ఒక్క ఫోటో చాలు మీరు రాసిందంతా కొట్టిపారేయడానికి.

ఇంకో జాగ్రత్త. మీకు మీరే 'ఎన్నికల పరిశీలకుడు' అని కార్డు కొట్టించుకోకండి. మన దగ్గర ఆ మాటకి చట్టంలో అర్థం ఉంది, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 20బి కింద ఎన్నికల సంఘం నియమించే ప్రభుత్వ అధికారులు వాళ్లు. రచయిత అనో, ఫలానా పత్రికకి రాస్తాననో చెప్పుకుంటే సరిపోతుంది.

ఇక అసలు దరఖాస్తు. 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 32వ నియమం పోలింగ్ కేంద్రంలోకి, 53వ నియమం కౌంటింగ్ హాల్లోకి ఎవరెవరు రావచ్చో చెబుతాయి. ఆ జాబితాలో 'ఎన్నికల సంఘం అనుమతించిన వ్యక్తులు' అని ఒక మాట ఉంది, విలేకరులు లోపలికి వెళ్లేది దాని కిందే. ఆ కాగితాన్ని అధికార పత్రం అంటారు, వాడుకలో ఈసీ పాస్. జిల్లాల్లో దానికి దారి జిల్లా పౌర సంబంధాల అధికారి ఆఫీసు, అంటే డీపీఆర్వో. అక్కణ్నుంచి జాబితాలు రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి, ఆయన సిఫార్సుతో సంఘానికి వెళతాయి.

చిక్కు ఏమిటంటే ఇదంతా సంస్థల పేరు మీద నడుస్తుంది. 'నేను స్వతంత్ర రచయితని' అని తెల్లకాగితం మీద రాసిస్తే అది మామూలుగా ఆ టేబుల్ దాటదు. అందుకని మీ రాతలు వేసే పత్రిక, చిన్న వారపత్రికైనా సరే, రిజిస్ట్రేషన్ ఉన్నది, తన లెటర్‌హెడ్ మీద మీ పేరు, ఫోన్ నంబరు, ఏ నియోజకవర్గంలో తిరుగుతారో రాసి ఎడిటర్ సంతకంతో ఇవ్వాలి. దానికి పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, గుర్తింపు కార్డు నకలు, అక్రెడిటేషన్ (ప్రభుత్వం విలేకరులకిచ్చే గుర్తింపు) ఉంటే దాని నకలు జతచేయండి. పోలింగ్‌కా, కౌంటింగ్‌కా, రెండింటికీనా అన్నది లెటర్లోనే తేల్చి రాయండి. డబ్బు తీసుకుని ప్రెస్ కార్డులు ఇస్తామనేవాళ్లు ప్రతి ఎన్నికకీ పుట్టుకొస్తారు, వాళ్ల జోలికి పోవద్దు.

టైమింగ్ ముఖ్యం. ఎన్నికల షెడ్యూల్ వచ్చాక డీపీఆర్వో ఆఫీసు 'ఫలానా తేదీలోగా పేర్లు పంపండి' అని విలేకరుల వాట్సాప్ గ్రూపులో పెడుతుంది, ఆ గ్రూపులో మీరుండరు. కాబట్టి షెడ్యూల్ వచ్చిన వారంలోనే స్వయంగా వెళ్లి తేదీ కనుక్కోండి, కవరు ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి. ఫోటోల వెనక పేరు, పత్రిక పేరు తప్పకుండా రాయండి. ఒకసారి నేను రాయలేదు. పోలింగ్‌కి రెండ్రోజుల ముందు పత్రం చేతికొచ్చింది, పేరు నాది, ఫోటోలో గుబురు మీసాల పెద్దాయన. పాపం ఆయనెవరో నా మొహంతో తిరుగుతూ ఉండుంటాడు. అది సరిచేయించుకోవడానికి ఒక పూటంతా పోయింది.

పత్రం వచ్చాక కూడా హద్దులుంటాయి. క్యూలో నిలబడ్డ ఓటర్ల ఫోటో తీయొచ్చు, ఓటేయడానికి అడ్డుకట్టి పెట్టిన చోటు మాత్రం ఫోటోలో పడకూడదు, రహస్య ఓటింగ్ కాబట్టి. బయటికొచ్చినవాళ్లని 'ఎవరికేశారు' అని అడిగి ఆ లెక్కలు చివరి దశ పోలింగ్ ముగిసి అరగంట దాటేదాకా పెట్టేయకండి, అదే 1951 చట్టం 126ఎ కింద ఎగ్జిట్ పోల్స్ నిషేధానికి రెండేళ్ల దాకా జైలు ఉంది. పోలింగ్ ముగిసే టైముకి ముందు 48 గంటలు ప్రచారం ఆగిపోతుంది, బయటి నుంచి ప్రచారానికొచ్చినవాళ్లు నియోజకవర్గం ఖాళీ చేయాలి. ఆ రెండు రాత్రులూ పోలీసులు లాడ్జీలు తనిఖీ చేస్తారు, అప్పుడు పనికొచ్చేది ఈ పత్రమే. జేబులో 50 వేలకి మించి నగదు ఉంటే లెక్క చూపించమంటారు, అంత పెట్టుకుని తిరక్కండి.

సభలో డబ్బో మద్యమో పంచుతుంటే ఎన్నికల సంఘం సీ-విజిల్ యాప్‌లో ఫిర్యాదు చేయొచ్చు, పేరు చెప్పకుండా కూడా. 100 నిమిషాల్లో చర్య అన్నది సంఘం లెక్క. ఫోటో అయినా వీడియో అయినా అక్కడికక్కడ యాప్‌లోనే తీయాలి, ఫోన్లో ముందే ఉన్నవి ఎక్కవు.

ఎక్కువమందికి తెలియనిది ఇంకోటి. 2024 ఎన్నికల్లో అధికార పత్రం ఉన్న విలేకరులకి పోస్టల్ బ్యాలెట్ ఇచ్చారు, దాన్ని కోరే దరఖాస్తు ఫారం 12డి తో. ఆ ఫారం నోటిఫికేషన్ వచ్చిన 5 రోజుల్లోగా ఇవ్వాలి. అంటే పత్రం పని ఆలస్యం చేస్తే మీ ఓటు కూడా పోతుంది, మీ ఊళ్లో పోలింగ్ రోజున మీరు వేరే జిల్లాలో ఉంటారు కదా.

కౌంటింగ్ రోజున ఎక్కువసేపు మీడియా సెంటర్లోనే కూర్చోవాలి. హాల్లోకి కొద్దికొద్దిమందిగా ఒక అధికారి వెంట తీసుకెళ్లి కాసేపట్లో బయటికి తెచ్చేస్తారు, ఫోన్ లోపలికి రానివ్వరు. నోట్‌బుక్, రెండు పెన్నులు పెట్టుకుని వెళ్లండి.