ఇంటి నుంచే బాల్‌రూమ్, ఏడో పాఠం: జోడీ వేట

పోయిన పాఠంలో గోడకు వీపు ఆనించి ఫ్రేమ్ (భుజాలు, చేతులు సడలకుండా పట్టే భంగిమ) నిలబెట్టడం, వాల్ట్జ్ డాన్స్ అడుగులో మడమ నుంచి మునివేళ్ళకు బరువు మార్చడం చేశాం. కొందరు కుర్చీని పట్టుకుని సాధన చేశామని చెప్పారు. మంచిదే. కుర్చీ ఎదురు చెప్పదు, ఆలస్యంగా రాదు, అలగదు. కానీ బాల్‌రూమ్ అంటే ఇద్దరు జోడీగా ఆడే పాశ్చాత్య నృత్యం, పోటీకి కుర్చీతో వెళ్ళలేం కదా.

ఈ పాఠంలో కొత్త అడుగులేవీ లేవు. అయినా మొత్తం వరసలో నన్ను ఎక్కువ ఏడిపించిన పాఠం ఇదే.

హనుమకొండలో బాల్‌రూమ్ పేరు విన్నవాళ్ళే తక్కువ. వాళ్ళలో పోటీకి దిగుదామనేవాళ్ళు, అందులో మన ఎత్తుకు సరిపడేవాళ్ళు, వాళ్ళలో మళ్ళీ సాయంత్రం ఏడు తర్వాత ఖాళీ ఉండేవాళ్ళు అని జల్లెడ పడుతూ పోతే చివరికి జల్లెడే మిగులుతుంది. కాబట్టి దేనికి పట్టుబట్టాలో, దేన్ని వదిలేయాలో ముందు తేల్చుకోవాలి.

ముందు మీ కాగితం రాయండి. ఎదుటివాళ్ళలో ఏం కావాలో కాదు, మీ దగ్గర ఏముందో. స్టాండర్డ్ చేస్తారా, లాటిన్ చేస్తారా? స్టాండర్డ్ అంటే వాల్ట్జ్, టాంగో, వియన్నీస్ వాల్ట్జ్, స్లో ఫాక్స్‌ట్రాట్, క్విక్‌స్టెప్. లాటిన్ అంటే సాంబా, చా చా చా, రుంబా, పాసో డోబ్లే, జైవ్. పదీ చేస్తాననేవాళ్ళు వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరో పక్కనే రాయండి, ఉత్సాహం దానంతటదే దిగుతుంది. తర్వాత నెలకు ఎంత ఖర్చు పెట్టగలరు, ఏయే నెలల్లో అసలు దొరకరు. ఈ చివరిది ఎవరూ రాయరు. మా బ్యాచ్‌లో ఒకతనికి ఏనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణం ఉంది. పత్తి రావడం మొదలైతే సంక్రాంతి దాకా మనిషి కనిపించడు. చాలా బాగా ఆడతాడు, కానీ డిసెంబరు పోటీకి ఆయన్ను నమ్ముకుంటే అంతే సంగతులు. ఎన్‌ఐటీ పిల్లలదీ ఇదే కథ, చదువు అయిపోగానే పెట్టె సర్దుకుంటారు.

ఇక ఎత్తు. స్టాండర్డ్‌లో హోల్డ్, అంటే జోడీని పట్టుకునే తీరు, దగ్గరగా ఉంటుంది కాబట్టి పట్టింపు ఎక్కువ. లీడర్ (నడిపించేవాళ్ళు) ఫాలోవర్ (ఆ నడకను అందుకునేవాళ్ళు) కంటే కాస్త పొడుగుంటే సుఖం. లాటిన్‌లో చాలాసేపు చేతులు చాచి దూరంగానే ఆడతాం, కొంచెం అటూఇటూ అయినా నడుస్తుంది. కొలిచేటప్పుడు ఇద్దరూ పోటీ బూట్లతోనే గోడకు నిలబడాలి. మడమ ఎత్తే రెండు, రెండున్నర అంగుళాలు ఉంటే ఉత్త కాళ్ళతో కొలిచి ఏం లాభం? పెన్సిల్‌తో తల దగ్గర ఒక గీత, తుంటి ఎముక దగ్గర ఇంకో గీత పెట్టండి. రెండో గీతే నాకు ముఖ్యం, అడుగు పొడవు కాళ్ళను బట్టి వస్తుంది కాబట్టి. తలలు కుదిరి తుంటి గీతలు బాగా ఎడంగా ఉంటే తిరిగే ప్రతిసారీ మోకాళ్ళు గుద్దుకుంటాయి.

ఎక్కడ వెతకాలి? బాల్‌రూమ్ వచ్చినవాళ్ళ కోసం వెతకకండి, దొరకరు. నేర్చుకోగలిగినవాళ్ళను వెతకండి. కూచిపూడి నేర్చినవాళ్ళకు తాళం గట్టిగా ఉంటుంది. కానీ అరమండి (మోకాళ్ళు పక్కలకు వంచి నిలబడటం), పాదం నేలకు తట్టడం ఒంట్లో ఇంకిపోయి ఉంటాయి, వాల్ట్జ్‌లో జారే అడుగు రావడానికి కొన్ని నెలలు పడుతుంది. జుంబా క్లాసు వాళ్ళకు దమ్ముంటుంది, కానీ అక్కడ ఎవరి ఆట వాళ్ళదే. నా ఓటు కోలాటం ఆడినవాళ్ళకు. ఎదుటి కోల ఎప్పుడొస్తుందో చూసి మన కోల ఎత్తాలి, కాస్త ఆలస్యమైతే వేలు చితుకుతుంది. ఎదుటి మనిషి ఒంటిని చదవడం వాళ్ళకు చిన్నప్పుడే వచ్చేస్తుంది. మిగతాది మనం నేర్పుకోవచ్చు.

మనిషి దొరికాక ఒక గంట ట్రయల్ పెట్టుకోండి. వారం మధ్యలో ఏదైనా ఫంక్షన్ హాల్ అడగండి. ఆషాఢంలో, మూఢాల్లో పెళ్ళిళ్ళుండవు కాబట్టి బేరానికి దిగొస్తారు. నేల గ్రానైట్ అయితే బూటు జారుతుంది, మొదటి రోజు నెమ్మదిగా చేయండి.

మొదటి పావుగంట పాట వద్దు. హోల్డ్ పట్టుకుని హాలు చుట్టూ, గడియారానికి ఎదురు దిశలో, ఊరికే నడవండి. లీడర్ ముందుకు ఎనిమిది అడుగులు, వెనక్కి ఎనిమిది. ఈ నడకలోనే సగం తేలిపోతుంది. లీడర్ కుడి అరచేయి ఫాలోవర్ ఎడమ భుజం ఎముక కింద ఉంటుంది కదా, అది తోస్తోందా, ఆగి వింటోందా? ఫాలోవర్ చేయి బరువంతా లీడర్ భుజం మీద వేలాడుతోందా?

తర్వాత వాల్ట్జ్. పోటీలో నిమిషానికి 28 నుంచి 30 బార్లు (తాళం ఆవృత్తాలు), బార్‌కు మూడు బీట్లు. ఫోన్‌లో బీటు కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 84 బీట్ల మీద (28 బార్ల లెక్క) పెట్టి నేచురల్ టర్న్ (కుడివైపు తిరిగే మలుపు) వరకే చేయండి. మూడోసారి ఎవరో ఒకరు తప్పుతారు. తప్పాలి కూడా, మనకు కావలసింది అదే. తప్పిన క్షణంలో మీ జోడీ చూపు ఎటు పోయింది? తన కాళ్ళ మీదికా, అద్దంలోకా, మీ మొహం మీదికా? చేయి బిగిసిందా, వదిలేసిందా? ఆగకుండా తర్వాతి బార్ మొదటి బీటు మీద అందుకున్నారా? పోటీలో ఒక్కో డాన్స్ సాధారణంగా ఒకటిన్నర, రెండు నిమిషాలే, ఆగి మాట్లాడుకునే వ్యవధి ఉండదు.

నా మొదటి జోడీ కరీంనగర్ నుంచి బస్సులో వచ్చేది. నాకంటే బాగా ఆడేది. నేనేమో తిరుగుతూనే పాఠాలు చెప్పేవాణ్ణి: భుజం దించు, ఆలస్యమైంది, మళ్ళీ. నాలుగో నెలలో ఒకరోజు హోల్డ్‌లో ఉండగానే చేతులు దించి, "అన్నా, నువ్వు నాతోని ఆడుతున్నవా, నన్ను దిద్దుతున్నవా?" అంది. తర్వాతి ఆదివారం రాలేదు. ఇప్పుడు నా నియమం ఒకటే: పాట నడుస్తున్నంతసేపు ఎవరూ నోరు విప్పకూడదు. పాట ఆగాక ఒక్కొక్కరు ఒక్క మాట, అదీ ముందు తన తప్పు గురించే.

ఇంటివాళ్ళ సంగతీ చెప్పాలి. ఇప్పటి నా జోడీ ఇంటికి మాట్లాడటానికి వెళ్తే వాళ్ళమ్మ చాయ్ చేతికిస్తూ, "ఎవరి పిలగానివి బిడ్డా? మనోళ్ళేనా?" అని అడిగింది. వివరించి లాభం లేదనిపించి, ప్రాక్టీసుకు వచ్చి కూర్చోమన్నాను. గంటసేపు ఇద్దరం చెమటలు కక్కుతూ ఒకే మూల తిరగడం చూసి, "గింతేనా? గిది డ్రిల్లు లెక్కనే ఉన్నది గదా" అని లేచిపోయింది. మళ్ళీ రాలేదు, ఫోనూ చేయలేదు. మీరూ ఇదే చేయండి. ప్రాక్టీసు వేళలు ఇంట్లో తెలిసి ఉంటే పుకార్లకు చోటుండదు.

కుదిరితే ఆరు నెలలకే మాట అనుకోండి. హాలు అద్దె, కోచ్ ఫీజు చెరిసగం, బట్టలు ఎవరివి వాళ్ళవి. కోచింగ్‌కు హైదరాబాద్ వెళ్ళాల్సి వస్తే కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, రానూపోనూ రోజంతా పోతుంది. ఆ రోజు ఎవరి సెలవు ఖర్చవుతుందో కూడా రాసుకోండి. ఒకరు మానేయాలనుకుంటే నెల ముందు చెప్పాలి. దీన్ని కాగితం మీద పెట్టడానికి మొహమాటపడతారు. మొహమాటపడేవాళ్ళతో నేనైతే మొదలుపెట్టను.

వచ్చే పాఠం దాకా పని: మీ కాగితం, గోడ మీద రెండు గీతలు, ఒక ట్రయల్. ట్రయల్‌కు మనిషి దొరక్కపోతే ఇంట్లో అక్కనో తమ్ముణ్ణో పట్టుకుని పావుగంట నడక మాత్రం చేయండి. ఒకసారి లీడర్‌గా, ఒకసారి ఫాలోవర్‌గా. కళ్ళు మూసుకుని వెనక్కి ఎనిమిది అడుగులు వేయగలిగారా, ఎన్నో అడుగులో కళ్ళు తెరిచారో రాసి ఉంచండి. ఎనిమిదో పాఠం ఆ అంకెతోనే మొదలవుతుంది.