ఇటలీలో కుదురుకోవడం – 3వ పాఠం: పదహారు గడుల కోడు, పసుపు పట్టీ కవరు

ముందుగా, ఇటలీలో మీ చిరునామా ఎలా రాస్తారని పోయినసారి ఇచ్చిన అభ్యాసానికి జవాబు. ఇటలీ చిరునామాలో వీధి పేరు ముందు వస్తుంది, ఇంటి నంబరు దాని తర్వాత. కింది వరుసలో అయిదంకెల పోస్టల్ కోడు, ఊరి పేరు, చివర ప్రావిన్సుకు రెండక్షరాల గుర్తు రాయాలి. తోరినోకి టి-ఓ, పాదొవాకి పి-డి. ఆంజనేయస్వామి గుడి వెనక, రేషన్ షాపు పక్క సందు అని మనం రాసే గుర్తులకు ఇక్కడ చోటు లేదు. ఆ పని బెల్లు మీది పేరు చేస్తుంది. చాలా అపార్టుమెంట్ల గేటు దగ్గర ఫ్లాటు నంబర్లు కనిపించవు, వరసగా ఇంటిపేర్లే ఉంటాయి. అందుకని గదిలో దిగిన రోజే ఓనరుతో ఒక మాట చెప్పి, చిన్న కాగితం మీద మీ ఇంటిపేరు పెద్ద అక్షరాల్లో రాసి బెల్లు పక్కన, కింద పోస్టు డబ్బా మీద అంటించండి. పేరు కనబడకపోతే రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోతుంది.

ఇక ఈ పాఠం. ఇటలీలో అడుగు పెట్టాక 8 పనిదినాల్లోపు పెర్మెస్సో ది సొజోర్నో, అంటే అక్కడ ఉండేందుకు అనుమతి కార్డు కోసం దరఖాస్తు పెట్టాలి. వీసా ఉందిగా, ఇదెందుకు అని చాలామంది అడుగుతారు. వీసా మిమ్మల్ని లోపలికి రానిస్తుంది, ఉండనిచ్చేది ఈ కార్డు. దానికంటే ముందు గాని, దానితో పాటు గాని తెచ్చుకోవాల్సింది కోదిచే ఫిస్కాలే. పేరుకు పన్ను నంబరే అయినా సిమ్ కార్డు దగ్గర్నుంచి గది అగ్రిమెంటు, బ్యాంకు ఖాతా, స్కాలర్‌షిప్ దాకా అన్నిటికీ అదే అడుగుతారు. మన పాన్, ఆధార్ కలిపి చేసే పనిని ఇదొక్కటే చేస్తుందనుకోండి.

ఈ రెండింటిలో కోడు దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే మన తెలుగు పేర్లు తేడా కొట్టేది ఇక్కడే. పాన్ నంబరు చూసి మీ పేరేమిటో, ఎప్పుడు పుట్టారో ఎవరూ చెప్పలేరు. కోదిచే ఫిస్కాలే అలా కాదు, అది పూర్తిగా మీ పేరు, పుట్టిన తేదీ, పుట్టిన దేశం నుంచి అల్లిన కోడు. లెక్క తెలిస్తే మీ కోడు సరైనదో కాదో మీరే నిమిషంలో చూసుకోవచ్చు.

మొత్తం పదహారు గడులు. మొదటి మూడూ ఇంటిపేరువి. ఇంగ్లీషులో రాసినప్పుడు అందులో వచ్చే హల్లుల్లో మొదటి మూడు తీసుకుంటారు. ఎ, ఇ, ఐ, ఓ, యు మాత్రమే అచ్చులు. వై కూడా ఇక్కడ హల్లే. మూడు హల్లులు లేకపోతే ఉన్న హల్లులు రాశాక అచ్చుల్ని వరసలో తెచ్చి నింపుతారు. ఉదాహరణకు ఆర్-ఎ-ఓ అని రాసే రావుకి ఒకే హల్లు ఉంది కాబట్టి ఆర్-ఎ-ఓ అనే వస్తుంది. అచ్చులు కలిపినా చాలకపోతే ఎక్స్ పెడతారు.

తర్వాతి మూడు గడులు పేరువి. పద్ధతి అదే, ఒక్క మెలిక ఉంది. పేరులో నాలుగు లేదా అంతకంటే ఎక్కువ హల్లులుంటే రెండోదాన్ని వదిలేసి ఒకటి, మూడు, నాలుగు తీసుకుంటారు. ఇంటిపేరుకు ఈ మెలిక లేదు. పేరు రెండు ముక్కలుగా ఉంటే కలిపి ఒకటిగా లెక్కిస్తారు.

ఆ తర్వాత పుట్టిన సంవత్సరంలో చివరి రెండంకెలు. ఆపైన నెలకో అక్షరం. జనవరి నుంచి మే దాకా ఎ, బి, సి, డి, ఇ అని సాఫీగా సాగుతుంది. జూన్‌కి ఎఫ్ వస్తుందనుకుంటాం, కానీ హెచ్ వస్తుంది. జులైకి ఎల్, ఆగస్టుకి ఎం, సెప్టెంబరుకి పి, అక్టోబరుకి ఆర్, నవంబరుకి ఎస్, డిసెంబరుకి టి. దీన్ని బట్టీ పట్టక్కర్లేదు, మీ నెల ఒక్కటి గుర్తుంటే చాలు. తర్వాతి రెండు గడుల్లో తేదీ. అబ్బాయిలకు ఉన్నది ఉన్నట్టు, అమ్మాయిలకు 40 కలిపి రాస్తారు. 48 అనో 63 అనో తేదీ చూసి తప్పు పడిందని కంగారు పడకండి. ఆ వెనక నాలుగు గడులు పుట్టిన చోటివి. ఇటలీలో పుట్టినవాళ్లకైతే ఊరి కోడు, బయట పుట్టినవాళ్లకు దేశం కోడు. గుడివాడైనా గద్వాలైనా మనందరికీ ఒకటే: జెడ్-2-2-2. పదహారో గడిలో ఉండే అక్షరం ముందున్న పదిహేనింటినీ లెక్కవేసి కంప్యూటర్ ఇచ్చేది. దాని జోలికి మనం వెళ్లొద్దు.

ఒకటి చేసి చూద్దాం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో రెడ్డి, పేరు గడిలో సాయి కిరణ్ అని ఉంది, 2003 జూన్ 8న పుట్టాడు అనుకుందాం. రెడ్డిలో హల్లులు ఆర్, డి, డి, వై. మొదటి మూడూ తీసుకుంటే ఆర్-డి-డి. సాయి కిరణ్‌లో హల్లులు ఎస్, కె, ఆర్, ఎన్. నాలుగున్నాయి కాబట్టి కె వదిలేస్తే ఎస్-ఆర్-ఎన్. ఆపైన 03, హెచ్, 08, జెడ్-2-2-2. అదే రోజు పుట్టిన అమ్మాయికైతే 08 బదులు 48 ఉంటుంది.

ఇప్పుడు తప్పు ఎలా పుడుతుందో చూడండి. దిగిన మర్నాడే సిమ్ కోసం షాపుకు వెళ్తారు. ఇంకా కోడు రాలేదంటే కౌంటర్లో కుర్రాడు పర్లేదంటూ తన కంప్యూటర్లో పేరు, తేదీ కొట్టి లెక్కకట్టేస్తాడు. మీరు ఊళ్లో చెప్పే అలవాటుకొద్దీ రెడ్డి సాయి కిరణ్ అంటారు. అతను రెడ్డి సాయిని ఇంటిపేరు గడిలో, కిరణ్‌ని పేరు గడిలో కొడతాడు. ఇంటిపేరు భాగంలో తేడా రాదు, మొదటి మూడు హల్లులూ అవే. కిరణ్‌లో మాత్రం మూడే హల్లులు, కాబట్టి ఎస్-ఆర్-ఎన్ బదులు కె-ఆర్-ఎన్ వస్తుంది. సిమ్ పనిచేస్తుంది, మీకేమీ తెలియదు. అదే కోడు గది అగ్రిమెంటులోకి, అక్కడినుంచి యూనివర్సిటీ ఫారంలోకి ఎక్కాక, ఒకరోజు బ్యాంకువాళ్లు రెండు కాగితాల్లో మీరు ఇద్దరు మనుషులంటారు. మొదటి వారమంతా ఎవరు పేరు అడిగినా నోటితో చెప్పకుండా పాస్‌పోర్టు తెరిచి చూపించడం మంచిది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు తలనొప్పి ఇంకా ఎక్కువ. ఇంకా ఇండియాలోనే ఉంటే వీసాకు ముందే దాన్ని సరిచేయించుకోండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇనీషియల్, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉన్నా ఇటలీలో చెల్లేది పాస్‌పోర్టు రాతే.

అసలు కోడు ఇచ్చేది పన్నుల శాఖ, అంటే అజెన్‌జియా డెల్లే ఎంత్రాతే. ఫారం, పాస్‌పోర్టు, వీసా పేజీ జిరాక్సు ఉంటే చాలు, ఫీజు లేదు. చాలా యూనివర్సిటీలు విదేశీ విద్యార్థులకు తామే ఇప్పిస్తాయి, ముందు అక్కడ అడగండి. డబ్బులిస్తే తెచ్చిపెడతామనే ఏజెంట్ల మాట వినక్కర్లేదు. కాగితం చేతికి రాగానే కౌంటర్ దగ్గరే నిలబడి పైన చెప్పినట్టు గడి గడీ సరిచూసుకోండి. పేరు, తేదీల్లో తప్పుంటే అక్కడికక్కడే చెప్పాలి.

ఒక్కచోట మాత్రం మీ లెక్కకూ వాళ్ల లెక్కకూ తేడా వచ్చినా కంగారు పడకూడదు. ఇద్దరికి ఒకే కోడు వస్తే చివరి అంకెను అక్షరంగా మారుస్తారు. 2కి బదులు ఎన్ పడుతుంది, అంటే జెడ్-2-2-2 కాస్తా జెడ్-2-2-ఎన్ అవుతుంది. ఒకే రోజు పుట్టిన సాయి కిరణ్ రెడ్డిలు రెండు రాష్ట్రాల్లో ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి! ఇంటర్నెట్‌లో కోడు లెక్కకట్టే సైట్లకు ఈ సంగతి తెలియదు. అందుకే వాటిని సరిచూసుకోడానికే వాడండి, అక్కడ వచ్చింది తీసుకెళ్లి ఎక్కడా రాయకండి.

రెండో పని పెర్మెస్సో. దరఖాస్తు పోలీసుల దగ్గర కాదు, పోస్టాఫీసులో ఇవ్వాలి. అన్ని పోస్టాఫీసుల్లోనూ తీసుకోరు, స్పోర్తెల్లో అమీకో అనే బోర్డున్న కౌంటర్ వెతుక్కోవాలి. అక్కడ పసుపు పట్టీ ఉన్న పెద్ద కవరు ఉచితంగా ఇస్తారు. లోపల ఫారాలు ఉంటాయి. చదువు కోసం వచ్చినవాళ్లు మొదటి ఫారం, అంటే మోదులో 1 నింపితే సరిపోతుంది. నల్ల పెన్ను, పెద్దక్షరాలు, గడికొక అక్షరం. చేయి వణికితే యూనివర్సిటీ విదేశీ విద్యార్థుల డెస్కుకో, పత్రొనాతో అనే సహాయ కేంద్రానికో వెళ్తే దగ్గరుండి నింపిస్తారు.

ఫారానికి 16 యూరోల స్టాంపు కావాలి. పేరు మార్కా ద బోల్లో. అది పోస్టాఫీసులో కాకుండా, బయట తెల్లటి పెద్ద టి అక్షరం బోర్డున్న సిగరెట్ల దుకాణంలో దొరుకుతుంది. బస్సు టికెట్లు కూడా అక్కడే అమ్ముతారు. ఏడాది లోపు కార్డుకు 70.46 యూరోల చలానా, కవరు ఇచ్చేటప్పుడు ఇంకో 30 యూరోలు. అన్నీ కలిపి 116.46. పాస్‌పోర్టు పేజీలు, వీసా, అడ్మిషన్ కాగితం, డబ్బు ఉందని చూపే కాగితాలు, ఆరోగ్య బీమా, వీటన్నిటి జిరాక్సులు లోపల పెట్టాలి. పాస్‌పోర్టు ఒరిజినల్ చేతిలో ఉండాలి. కవరు అతికించకండి. కౌంటర్లో ఉన్నవాళ్లు లోపల చూసి వాళ్లే మూస్తారు.

బీమా విషయంలో తొందరపడి డబ్బు పారేసుకోవద్దు. ప్రభుత్వ వైద్య సేవలో విద్యార్థులు స్వచ్ఛందంగా చేరాలంటే 2024 నుంచి ఏడాదికి కనీసం 700 యూరోలు. అదీ జనవరి నుంచి డిసెంబరు లెక్క. సెప్టెంబరులో దిగి కట్టారంటే డిసెంబరు 31తో అయిపోతుంది. నా సలహా, మొదటి కార్డుకు ప్రైవేటు విద్యార్థి పాలసీ తీసుకోండి. పెద్ద జబ్బులేవీ లేనివాళ్లకు అది సరిపోతుంది. రోజూ మందులు వాడేవాళ్లు, ముఖ్యంగా షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్లు మాత్రం జనవరి నుంచి ప్రభుత్వ సేవ గురించి ఆలోచించాలి.

కవరు ఇచ్చాక చేతికి వచ్చే రసీదును పాస్‌పోర్టుతో సమానంగా చూసుకోండి. కార్డు చేతికొచ్చేసరికి నెలలు పట్టడం మామూలే. అప్పటిదాకా మీరు ఇటలీలో సక్రమంగానే ఉన్నారని చెప్పేది ఈ రసీదే. దాంతోపాటు క్వెస్తూరాకు, అంటే పోలీసు కార్యాలయానికి ఎప్పుడు రావాలో తేదీ, టైము ఉన్న కాగితం ఇస్తారు. ఆరోజు వేలిముద్రలు తీసుకుంటారు. నాలుగు పాస్‌పోర్టు ఫొటోలు, అన్నిటి ఒరిజినల్స్ పట్టుకెళ్లాలి. కాగితంలో పొద్దున తొమ్మిదని ఉన్నా మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టడం కొత్తేమీ కాదు, వెంట నీళ్ల సీసా, పులిహోర డబ్బా ఉంచుకోండి. వీసా గడువు తీరి ఇంకా రసీదే చేతిలో ఉంటే సంక్రాంతికి ఇంటికి వెళ్లొచ్చు గాని, ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్ లాంటి షెంగెన్ ఊళ్ల, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల ఊళ్ల మీదుగా కాదు. దుబాయో దోహానో మీదుగా టికెట్ తీసుకోవాలి.

శాశ్వత గది దొరికేదాకా కవరు ఇవ్వకుండా ఆగుదామని కొందరనుకుంటారు. ఆగకండి. ఇప్పుడున్న చిరునామాతోనే ఇచ్చేయండి, తర్వాత ఇల్లు మారితే 15 రోజుల్లో క్వెస్తూరాకు తెలియజేయాలి.

అభ్యాసం. కాగితం మీదే చేయండి, సైటులో కొట్టకండి.

ఒకటి, ఇంటిపేరు రావు (ఆర్-ఎ-ఓ), పేరు అను (ఎ-ఎన్-యు). మొదటి ఆరు గడుల్లో ఏమొస్తాయి?

రెండు, ఇంటిపేరు దేవి (డి-ఇ-వి-ఐ), పేరు పద్మ (పి-ఎ-డి-ఎం-ఎ). ఇందులో కూడా మొదటి ఆరు రాయండి.

మూడు, ఒక కోడులో ఏడో గడి నుంచి 04-టి-63 అని ఉంది. ఆ మనిషి ఎప్పుడు పుట్టారు? అబ్బాయా, అమ్మాయా?

నాలుగోది మీ సొంత కోడు. పాస్‌పోర్టు ముందు పెట్టుకుని పదిహేను గడులూ నింపి, యూనివర్సిటీ పోర్టల్లో ఇప్పటికే ఏదైనా కోడు పడి ఉంటే దానితో పోల్చండి.

జవాబులు 4వ పాఠంలో. అందులో గది అగ్రిమెంటు, ఓనరు పోలీసులకు 48 గంటల్లో ఇవ్వాల్సిన సమాచారం, ప్రాంతీయ స్కాలర్‌షిప్ కోసం తహసీల్దారు ఆదాయ ధ్రువపత్రాన్ని ఎలా సిద్ధం చేయించాలో చూద్దాం. ఆ పత్రం కోసం ఇంట్లోవాళ్లు మండలాఫీసు చుట్టూ తిరగాల్సి ఉంటుంది కాబట్టి ఈ వారమే నాన్నకు ఫోన్ చేసి చెప్పి ఉంచండి.