తాతయ్య జనన నమోదు ఎలా దొరికిందంటే

చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. తాతయ్య సొంతూరి జనన రిజిస్టర్లో ఆయన పేరు లేదు. బడి రికార్డు, రేషన్ కార్డు, ఆన్‌లైన్ వెతుకులాట ఏవీ పనికిరాలేదు.

ముందు ఇంట్లో ఉన్న జాతకం కాగితం తీశాం. బహుధాన్య నామ సంవత్సరం, శ్రావణ బహుళం అని ఉంది. పాత పంచాంగంతో సరిచూస్తే 1938 ఆగస్టు. తర్వాత వెతికే ఊరు మార్చాం. తాతయ్య తొలిచూలు, తొలి కాన్పు పుట్టింట్లోనే కదా! అందుకని వాళ్ళమ్మ పుట్టిన ఊరి రిజిస్టర్ అడిగాం. 1969 జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ కింద ఎవరైనా ఫీజు కట్టి వెతికించుకోవచ్చు. దరఖాస్తులో ఆ సెక్షన్ రాయండి.

అసలు కిటుకు ఆ తర్వాతే ఉంది. బిడ్డ పేరుతో కాకుండా తండ్రి పేరుతో వెతకమన్నాం. నమోదు నాటికి బారసాల కాలేదు కాబోలు, పేరు గడి ఖాళీ. మగ శిశువు, తండ్రి పేరు, అంతే. అది చూసి నాన్నకు కళ్ళు చెమర్చాయి.

తేదీ ఒకరోజు అటూ ఇటూ కూడా చూడమనండి. తెల్లవారకముందు పుడితే జాతకంలో ముందురోజు వారమే వేస్తారు. మలి కాన్పులు అత్తింట్లో జరిగినా, రిజిస్టర్ చెదలు తినేసినా ఈ దారి పనిచేయకపోవచ్చు.