ఆగిపోయిన చిన్న రాతి క్వారీని తనిఖీకి ఎలా సిద్ధం చేయాలి?

మిషన్లు తరలించి, కాపలా మనిషిని మాన్పించేశాక ఇక ఆ గుంతతో తమకు పని లేదనుకునే లీజుదారులు చాలామంది. చట్టం లెక్కలో మాత్రం అది గనే. తవ్వకం ఇప్పుడు జరుగుతున్నదే కాదు, ఎప్పుడో జరిగి ఆగిన గుంత కూడా గని కిందికే వస్తుందని 1952 గనుల చట్టం చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2020 భద్రతా కోడ్‌లోనూ అదే నిర్వచనం. కాబట్టి ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు క్వారీ అయినా, నెల్లూరు జిల్లా సైదాపురం వైపు మైకా, తెల్లరాయి (క్వార్ట్జ్) గుంత అయినా పని ఆగాక కూడా ఇన్‌స్పెక్టర్ రావచ్చు. రావాలి కూడా. కాపలా లేని క్వారీలోకే మేకల కాపర్లు దిగుతారు, సెలవుల్లో పిల్లలు ఈతకు వెళ్తారు.

భద్రత చూసేది డీజీఎంఎస్ (కేంద్ర గనుల భద్రతా డైరెక్టరేట్). లీజు హద్దులు, సీనరేజి (తీసిన రాయికి ప్రభుత్వానికి కట్టే రుసుము) చూసేది రాష్ట్ర గనుల శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసు. మైకా, తెల్లరాయి, ఫెల్డ్‌స్పార్‌లను 2015లో చిన్న ఖనిజాల్లో కలిపారు, 2025 ఫిబ్రవరిలో మళ్లీ పెద్ద ఖనిజాలుగా మార్చారు. అందుకని ఆ గనులకు కేంద్ర సంస్థ ఐబీఎం (ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్) నిబంధనలు కూడా వర్తిస్తాయి.

కాగితాలు ఒకే ఫైలులో

మొదట అడిగేది పని ఆపినట్టు ఇచ్చిన నోటీసు. 1961 మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్ ప్రకారం 60 రోజులకు మించి పని ఆపదలిస్తే కనీసం 30 రోజుల ముందే కారణం, పని పోయే మనుషుల సంఖ్య రాసి తెలియజేయాలి. అనుకోకుండా ఆగి 60 రోజులు దాటితే నోటీసు వెంటనే పంపాలి. ఆ గడువు దాటిన ఏడు రోజుల్లో ఫారం-1లో నోటీసు కూడా పంపాలి. చాలా చిన్న క్వారీలు దొరికిపోయేది ఇక్కడే: పని ఆగి రెండేళ్లయినా రికార్డుల్లో నడుస్తున్నట్టే ఉంటుంది. నోటీసు పంపిన రసీదు కూడా ఫైలులో ఉండాలి.

దానితో పాటు లీజు డీడు, కోఆర్డినేట్లున్న స్కెచ్, మైనింగ్ ప్లాన్, పర్యావరణ అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి కన్సెంటు, పేలుడు సామగ్రి రిజిస్టరు పెట్టుకోండి. పని ఆపిన నాటి సర్వే ప్లాను అన్నిటికన్నా విలువైనది. రేపు పక్క లీజువాళ్లు మీ గుంతవైపు తవ్వుకొస్తే మధ్యలో ఎంత రాయి మిగిలిందో చెప్పేది అదొక్కటే.

లోపలికి వెళ్లే ముందు

తనిఖీకి కనీసం వారం ముందు మీరే ఒకసారి తిరిగి చూడాలి. ఒంటరిగా వద్దు, ఇద్దరికి తగ్గకుండా వెళ్లండి. హెల్మెట్, ఇనుప ముక్కు బూట్లు, 30 మీటర్ల టేపు, గడ్డపార, పెయింటు డబ్బా, తాడు, మంచినీళ్లు తీసుకెళ్లండి. ఎప్పటికి తిరిగొస్తారో ఊళ్లో ఒకరికి చెప్పండి. పెద్ద వాన పడిన రెండు మూడు రోజుల్లో ఫేసు (తవ్విన రాతిగోడ) దగ్గరికి పోవద్దు. ఎత్తయిన గ్రానైటు గోడలకు కొండ తేనెటీగలు పట్టు పెడతాయి, దాని కింద నిలబడి గట్టిగా కొట్టినా, పొగ పెట్టినా ఎటూ పరిగెత్తే దారి ఉండదు. పనిముట్ల షెడ్డు తలుపు తీసే ముందు కర్రతో తట్టండి, పాములు చేరి ఉంటాయి.

గట్టు అంచు

తనిఖీ పై నుంచే మొదలుపెట్టాలి. అంచుకు మూడు మీటర్ల లోపల వదులు రాళ్లు, చెట్లు, చెత్త ఉండకూడదన్నది నిబంధన. ఆ మూడు మీటర్లు మీరు కూడా వదిలేసి నడవండి. అంచుకు సమాంతరంగా నేలలో నెర్రె కనబడితే అక్కడే ఆగిపోండి. వానలకు పైమట్టి, పుప్పి రాయి కదిలిందనడానికి అదే మొదటి గుర్తు. నెర్రెకు అటూ ఇటూ ఒక్కో ఇనుప మేకు దిగ్గొట్టి, మేకుల తలల మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలిచి తేదీతో రాయండి. వారానికి మళ్లీ కొలవండి. రెండు మిల్లీమీటర్లు పెరిగినా ఆ వైపు కింద ఎవరినీ నడవనివ్వద్దు. అంచు దగ్గరి మేకు కొట్టేటప్పుడు నడుముకు తాడు కట్టుకోవాలి, తాడు రెండో కొస వెనక గట్టి బండకు ఉండాలి.

కంచె విషయంలో ఎక్కువ మంది సర్కారు తుమ్మ కంప వేసి సరిపెడతారు. ఒక ఎండాకాలానికే అది చెదలు పట్టిపోతుంది, మిగిలింది పొయ్యిలోకి పోతుంది. రాతి కడీలను అడుగున్నర లోతు పాతి, రెండున్నర మీటర్లకొకటి చొప్పున ఐదు వరసల ముళ్లతీగ లాగితే నిలుస్తుంది. గ్రానైటు క్వారీలో ఇంతకన్నా మంచిదీ, ఖర్చు లేనిదీ ఒకటుంది: పనికిరాని వేస్టు బ్లాకులు. మూడు మీటర్ల గీత బయట వాటిని సందు లేకుండా వరసగా పేర్చితే ఎవరూ ఎత్తుకుపోలేరు, పశువు దూరలేదు. హాల్ రోడ్డు (లారీలు దిగే దారి) మొదట్లో కూడా రెండు పెద్ద బ్లాకులు అడ్డం పెట్టి, మనిషి నడిచేంత దారి వదిలి గేటు బిగించండి. హెచ్చరిక బోర్డు తెలుగులో, దూరం నుంచి చదవగలిగేంత అక్షరాలతో ఉండాలి.

ఫేసు, పాత రంధ్రాలు

బెంచీల (మెట్లలా తవ్విన అంచెల) మీద నిలబడి గడ్డపార కొసతో రాయిని తట్టండి. గట్టి రాయి ఖణేల్‌మంటుంది. విడిపోయిన పలక డొల్లగా మోగుతుంది, చేతికి చిన్న అదురు కూడా తెలుస్తుంది. అలాంటి చోట పెయింటుతో గుర్తు పెట్టి వెనక్కి రండి. లూజు (విడిపోయిన రాయి) రాల్చడం అనుభవమున్న మేట్ (గని మేస్త్రీ) చేతుల మీదుగా, పై నుంచి కిందికి జరగాలి. కింద నిలబడి పైకి పొడవడం వద్దు. పగుళ్లలో మొలిచిన రావి, మర్రి మొక్కలను చిన్నగా ఉన్నప్పుడే కోసేయండి. వేరు లావెక్కేకొద్దీ పలకను బయటికి తోస్తుంది.

డ్రిల్ రంధ్రాలను దగ్గరగా చూడండి. పాత రంధ్రం మూతి చుట్టూ మట్టి పేరుకుని, చీమలు చేరి, లోపల వాననీళ్లు నిలిచి ఉంటాయి. మూతి దగ్గర తెల్లటి రాతిపొడి ఉందంటే మీకు తెలియకుండా ఎవరో రంధ్రం వేస్తున్నారు. దారిలో కొత్త టైరు జాడలు కూడా వెతకండి. ఆగిన గనిలో దొంగ తవ్వకం జరిగితే జవాబు చెప్పాల్సింది లీజుదారే కాబట్టి, అది కనబడ్డ రోజే ఫొటోలతో ఏడీ ఆఫీసుకూ పోలీసు స్టేషనుకూ రాసివ్వండి.

ఏదైనా రంధ్రంలోంచి డిటోనేటర్ వైరు బయటికి కనబడితే లాగవద్దు, కదపవద్దు, గడ్డపారతో పొడవవద్దు. పేలకుండా మిగిలిన మందు ఏళ్లు గడిచినా పేలగలదు. దూరంగా ఎర్ర జెండా పాతి, అందరినీ వెనక్కి పంపి, లైసెన్సున్న బ్లాస్టరునూ మేనేజరునూ పిలిపించండి. మ్యాగజైన్‌లో (పేలుడు సామగ్రి గదిలో) స్టాకు సున్నా అని రిజిస్టరులో ఉంటే చాలదు, గది తెరిచి చూపించగలగాలి.

నీళ్లు

ఈ రెండు జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానులూ ఈశాన్య రుతుపవనాల వానలూ గుంతలను నింపేస్తాయి. చెరువుకు ఒడ్డు వాలుగా ఉంటుంది, క్వారీ నీటికి ఒడ్డే ఉండదు. మొదటి అడుగులోనే మనిషి లోతు దాటిపోతుంది, పట్టుకోవడానికి నున్నటి రాతిగోడ తప్ప ఏమీ ఉండదు. తాడుకు కిలో రాయి కట్టి, మీటరుకొక ముడి వేసి, మూడు చోట్ల లోతు కొలవండి. నీటి మట్టాన్ని గోడ మీద పెయింటు గీతతో గుర్తించి పక్కన తేదీ రాయండి. నీటికి దగ్గరగా, అందరికీ కనబడేలా గాలి నింపిన లారీ ట్యూబు, 20 మీటర్ల తాడు వేలాడదీయండి. మునిగేవాడికి ఈత రానివాడు కూడా అందించగలిగేది అదే.

తనిఖీ వస్తోందని హడావుడిగా మోటార్లు పెట్టి గుంత తోడేయవద్దు. గుంతలో నీళ్లు దిగినంత వేగంగా పగుళ్లలోని నీళ్లు దిగవు. లోపలి ఒత్తిడి అలాగే ఉండి, బయట ఆసరా పోయేసరికి గోడ జారుతుంది. తోడాల్సి వస్తే కొద్దికొద్దిగా తోడుతూ, రోజూ అంచు నెర్రెలు చూస్తూ తోడాలి.

పాత మైకా గనుల సంగతి వేరు. సైదాపురం, కలిచేడు ప్రాంతంలో భూగర్భంలోకి దిగిన బావులు ఉన్నాయి. కొన్నిటి మీద దుంగలు పరిచి మట్టి కప్పేశారు, దుంగలు పుచ్చిపోయినా పైన గడ్డి పచ్చగానే ఉంటుంది. పొడవాటి గడతో ముందు నేలను పొడిచి చూడకుండా అడుగు వేయవద్దు. ఏ బావిలోకీ, సొరంగంలోకీ దిగవద్దు. గాలిలో ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు, కార్బన్ డయాక్సైడ్ అర శాతం మించకూడదు అని నిబంధన. అది మీటరుతో తేల్చాల్సిన లెక్క. దీపం దించి చూసే పాత పద్ధతిని నమ్ముకోవద్దు.

మిగతావి

వేస్టు రాయి, మట్టి పోసిన డంపు అడుగున గ్రావెల్ కోసం ఎవరైనా కోసుకుపోయారేమో చూడండి, కాలు కోసిన డంపు పై నుంచి జారుతుంది. వాన నీరు పొలాల మీద పడకుండా కాలువ పూడిక తీయండి. క్రేను బూమ్ కిందికి దించి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కనెక్షన్ తీయించండి.

ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు

గనిలోకి వచ్చి చూసే అధికారం ఆయనకు చట్టం ఇచ్చింది. స్థలం తెలిసిన మనిషి ఒకరు ఆయన వెంటే ఉండాలి. మీరు గుర్తుపెట్టిన నెర్రె, లూజు, మిస్‌ఫైర్ (పేలకుండా మిగిలిన మందు) మీరే ముందు చూపించండి. దాచినది ఆయన కంటబడితే మిగతా మాటలు కూడా నమ్మరు. ఆయన చెప్పిన ప్రతిదీ అక్కడికక్కడే రాసుకుని, అదే చోటు నుంచి ఫొటో తీయండి.

తర్వాత వయొలేషన్ లెటర్ (ఉల్లంఘనలు చూపే ఉత్తరం) వస్తుంది. దానికి జవాబులో 'చర్యలు తీసుకుంటాం' అని రాస్తే పని కాదు. ఒక్కో అంశం కింద ఏం చేశారో, ఎన్ని మీటర్లు చేశారో, ఏ తేదీన చేశారో రాసి, మొదటి ఫొటో తీసిన చోటు నుంచే తీసిన కొత్త ఫొటో జత చేయండి. మళ్లీ పని మొదలెట్టాలనుకుంటే కనీసం 30 రోజుల ముందు ఫారం-1లో నోటీసు ఇవ్వాలి. అది పంపే ముందు ఆ మేకుల మధ్య దూరం ఇంకోసారి కొలిచి చూసుకోండి.