పెద్దవాళ్ల చేత్తోనే స్మార్ట్ ప్లగ్ పెట్టించండి

స్మార్ట్ ప్లగ్ అంటే సాకెట్‌లో పెట్టి, దానికి తగిలించినదాన్ని ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే ప్లగ్. పెద్దవాళ్లకి అది నేర్పేటప్పుడు వాళ్ల ఫోన్ మీ చేతిలోకి తీసుకోకండి. ‘ఇలా ఇవ్వండి, నిమిషంలో అయిపోతుంది’ అని మీరే చేసేస్తే ఆ పూటకి పని అవుతుంది కానీ, వైఫై పాస్‌వర్డ్ మారిన రోజున ఆ పరికరం మూలన పడుతుంది. మీరు చెప్పండి, నొక్కేది మాత్రం వాళ్లే.

మొదట ఒక్క స్మార్ట్ ప్లగ్ చాలు, వైర్లతో పని లేదు. దానికి ఏం తగిలించాలో వాళ్లనే అడగండి. రాత్రి లేచినప్పుడు చీకట్లో స్విచ్ తడుముకుంటున్నారంటే టేబుల్ ల్యాంప్ పెట్టించండి. హీటర్, గీజర్ లాంటివాటి జోలికి ఇప్పుడే వెళ్లొద్దు, ప్లగ్ మీద ఎన్ని ఆంపియర్లు అని రాసుందో చూడటం కూడా నేర్పాలి. గోడలోని స్విచ్‌లు మార్చే పని మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

కూర్చునే ముందే ఫోన్‌లో అక్షరాల సైజు పెంచండి, వైఫై పాస్‌వర్డ్‌ని క్యాపిటల్, స్మాల్ తేడా తెలిసేలా కాగితం మీద పెద్దగా రాయండి. ప్లగ్‌ని నడిపే యాప్‌లో అకౌంట్ వాళ్ల పేరునే ఉండాలి, మీ పేరున కాదు.

అసలు చిక్కంతా కనెక్ట్ చేసే దగ్గరే. ప్లగ్ బటన్‌ని లైటు గబగబా వెలిగి ఆరేదాకా నొక్కి పట్టుకోవాలి, చాలావాటికి 5 సెకన్లు పడుతుంది, కానీ ఏదైనా పాడవుతుందేమోనని చాలామంది వేలు ముందే తీసేస్తారు. అందుకే సెకన్లు లెక్కపెట్టమనకండి, ‘లైటు చూస్తూ ఉండండి, అది కొట్టుకోవడం మొదలయ్యాక వదలండి’ అనండి. అయినా యాప్‌కి ప్లగ్ దొరకలేదంటే వైఫై చూడండి: వైఫైకి ఉండే బ్యాండ్లలో ఇలాంటి ప్లగ్‌లు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి, ఫోనేమో 5 గిగాహెర్ట్జ్ మీద ఉండొచ్చు, అప్పుడు దాన్నీ 2.4కి మార్పించండి.

యాప్ లొకేషన్, బ్లూటూత్ అనుమతి అడగ్గానే మోసాల గురించి విన్నవాళ్లు వద్దని నొక్కేస్తారు. ఆ జాగ్రత్త మంచిదే, విసుక్కోకండి, దగ్గర్లో ఉన్న ప్లగ్‌ని వెతకడానికే అడుగుతోందని చెప్పండి. ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే మాత్రం చెప్పొద్దని గట్టిగా చెప్పండి.

ల్యాంప్ వెలిగాక సంబరపడి లేచిపోకండి. యాప్‌లోంచి ఆ ప్లగ్‌ని తీసేయించి, మొదటినుంచి వాళ్లనే చేయమని మీరు పక్కగదిలో కూర్చోండి. ఎక్కడ ఆగారో ఆ మెట్టుని వాళ్ల మాటల్లో, వాళ్ల చేతిరాతతోనే రాయించండి. మ్యాటర్ (వేర్వేరు కంపెనీల స్మార్ట్ పరికరాలు కలిసి పనిచేసేలా పెట్టుకున్న ప్రమాణం) గుర్తున్న పరికరమైతే దాని సెటప్ కోడ్ కూడా ఆ కాగితం మీదే రాసుకోమనండి, రీసెట్ చేస్తే మళ్లీ అదే కావాలి.