గరుడ సేవకు వెళ్లే చెన్నై భక్తులకు: గేటు తెరిచినా కదలకండి

2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవారిలో ఆరుగురు తొక్కిసలాటలో మరణించారు. అస్వస్థతకు గురైన ఒక మహిళను బయటకు తీసుకురావడానికి గేటు తెరవగా, టోకెన్లు ఇస్తున్నారనుకుని జనం ఒక్కసారిగా ముందుకు తోసుకువచ్చారని అప్పట్లో అధికారులు చెప్పారు. అదే ఏడాది జూలై 27న హరిద్వార్ మానసాదేవి కొండ మెట్ల దారిలోనూ తొక్కిసలాట భక్తులను బలిగొంది.

తమిళుల పెరటాసి నెలలో (సెప్టెంబరు–అక్టోబరు) చెన్నైలోని మన తెలుగు కుటుంబాలు ఎన్నో శనివారం దర్శనానికో, చెన్నై నుంచి స్వామివారికి ఊరేగింపుగా వెళ్లే గొడుగుల వెనుకే బ్రహ్మోత్సవాల్లోని గరుడ సేవకో తిరుమల బయలుదేరుతాయి. మంచినీళ్లు, మందులు, గది వంటివి అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. నేను చూసినంతలో ప్రాణాల మీదికి తెచ్చేది ఒక్కటే: గేటు కదలగానే, తాడు దించగానే ముందుకు ఉరకడం. ముందు ఎవరైనా పడిపోయినా వెనుకవారికి కనబడదు. వెనుక వందలమంది తలా అర అడుగు వేస్తే, ఆ ఒత్తిడి అంతా ముందు వరుసలోని వారి ఛాతీ మీద పడుతుంది. తొక్కిసలాటల్లో చాలామంది ఊపిరాడకనే, కొన్నిసార్లు నిలుచున్నచోటే చనిపోతారు. అందుకే గేటు తెరిచినా, పక్కవారు కదిలినా, సిబ్బంది పిలిచేవరకు మీరు ఆగండి.

నడకదారిలో అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388. రెండోది దగ్గరి దారే అయినా ఏకబిగిన ఎక్కించేది కనుక గుండెజబ్బు, ఆయాసం ఉన్న పెద్దలను బస్సులోనే పంపండి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత ఒక చిన్నారిని పొట్టన పెట్టుకుంది. పిల్లలను ముందుకు పరుగెత్తనివ్వకండి.

ఆలయం చుట్టూ ఉన్న మాడవీధుల గ్యాలరీల్లో గంటల తరబడి కూర్చోవలసి వస్తుంది. స్వామివారి గరుడ వాహనం ఎదురుగా రాగానే జనమంతా లేచి కంచె వైపు దూకుతారు కాబట్టి కంచెకు ఆనుకుని పిల్లలను కూర్చోబెట్టకండి. చెప్పు జారితే వంగకండి. ఫోను పడితే వదిలేయండి. తోపులాటలో చేతులు ఛాతీకి అడ్డంగా మడిచి ఉంచండి. ఎదురు తోయకండి, ఏటవాలుగా పక్కకు జరగండి. తప్పిపోయినవారి కోసం జనానికి ఎదురు వెళ్లకండి. కలుసుకునే చోటు ముందే అనుకోండి. పిల్లల జేబులో మీ ఫోను నంబరు రాసిన కాగితం పెట్టండి. పుకారు వినబడితే అరవకండి. బైకు మీద బయలుదేరకండి, గరుడ సేవ వేళ ఘాట్ రోడ్డులో ద్విచక్ర వాహనాలను ఆపేస్తారు. గేటు తెరిస్తే ఆగండి. సేవ ముగియగానే బస్టాండుకు పరుగెత్తకండి, దిగే జనం కూడా ఎక్కిన జనమంతే ఉంటుంది. రద్దీ తగ్గాకే కొండ దిగండి.